మా స్విఫ్ట్ కారుకు డిమ్ లైటు బల్బులు మార్చిన వైనం

గత నవంబరులో, వరికోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, హైదరాబాదు నుంచి హుజూర్‌నగర్ దగ్గరి మా ఊరికి వెళ్తుండగా మా కారు ఎడమ హెడ్‌లైటు ఆరిపోయింది. ఎక్కడ ఆరిపోయిందో కచ్చితంగా చెప్పలేను. కోదాడ దాకా 65వ నంబరు జాతీయ రహదారి మీద ముందూ వెనుకా వాహనాలు ఉంటాయి, పక్కనున్న హోటళ్ల వెలుగు రోడ్డు మీద పడుతూ ఉంటుంది, డివైడరులోని మొక్కలు ఎదుటి లైట్లను కొంతవరకు ఆపుతాయి. అందువల్ల ఒక దీపం లేని లోటు అక్కడ నాకు తెలియనే లేదు. కోదాడ దాటి హుజూర్‌నగర్ రోడ్డు ఎక్కాక, ఎడమ అంచు పూర్తిగా చీకట్లో కలిసిపోయి కనిపించినప్పుడు అనుమానం వచ్చి, బండి పక్కకు ఆపి దిగి చూశాను.

ఆ దారి తెలిసినవారికి నా ఆందోళన అర్థమవుతుంది. సాగర్ ఎడమ కాలువ కింది ఆయకట్టులో కోతలు మొదలయ్యాయంటే ధాన్యం ట్రాక్టర్లు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి, వాటి ట్రాలీలలో చాలావాటికి వెనుక దీపం గానీ రిఫ్లెక్టరు గానీ ఉండదు. కొన్నిచోట్ల సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, వాటి చుట్టూ బండి చక్రాలు పడకుండా రాళ్లు పేర్చి ఉంటాయి. ఎదురుగా సిమెంటు ఫ్యాక్టరీల లారీలు వస్తుంటాయి. అలాంటి రోడ్డు మీద ఎడమ దీపం లేకపోవడమంటే ట్రాలీని, రాళ్లను, నడిచి వెళ్లే మనిషిని చూపించవలసిన దీపమే లేకపోవడం. పైగా ఎదుటివారికి ఒంటికన్ను కారు దూరం నుంచి మోటారు సైకిలులా కనిపిస్తుంది. మోటారు సైకిలే కదా అనుకుని వారు ఇచ్చే చోటు కారుకు సరిపోదు. మిగిలిన దూరమంతా ముప్పై కిలోమీటర్ల వేగం దాటకుండా, హజార్డ్ లైట్లు వేసుకుని ఇంటికి చేరాను.

ఇంటి ముందు ఆపి, హై బీమ్ వేసి చూస్తే ఎడమ దీపం వెలిగింది. డిమ్ చేస్తే ఆరిపోయింది. దీన్నిబట్టి తప్పు ఎక్కడుందో చాలావరకు తేలిపోయింది. మా బండి 2014 నాటి పెట్రోలు స్విఫ్ట్. దాని హెడ్‌లైటులో ఉండేది హెచ్4 రకం బల్బు. మన దేశంలో చిన్న కార్లలో అత్యధికంగా కనిపించే రకం ఇదే. ఒకే గాజు గొట్టంలో రెండు ఫిలమెంట్లు, అంటే వెలిగే సన్నని తీగలు, ఉంటాయి, ఒకటి లో బీముకు (మనం డిమ్ అనేది ఇదే), రెండోది హై బీముకు. మనం ఎక్కువ సేపు నడిపేది డిమ్ మీదే కాబట్టి లో బీము ఫిలమెంటు ముందుగా తెగిపోవడం సహజం. రెండు వైపులా డిమ్ ఒకేసారి పోతే ఫ్యూజు, రిలే (దీపాలకు కరెంటు వదిలే విద్యుత్ స్విచ్చు), స్టీరింగు దగ్గరి స్విచ్చు వరుసగా చూసుకోవాలి. ఒక్క వైపే పోయి, ఆ వైపు హై బీమ్ వెలుగుతూ ఉంటే మొదట అనుమానించవలసింది బల్బునే.

మరునాడు ఉదయం కోదాడలో స్పేర్ పార్ట్స్ దుకాణానికి వెళ్లి హెచ్4 బల్బు అడిగితే, దుకాణదారు ఒకదాని పక్కన ఒకటి నాలుగు రకాలు పెట్టారు. మొదటిది మామూలు 60/55 వాట్ల హాలోజెన్. రెండోది గాజుకు నీలిరంగు పూత ఉన్నది, తెల్లటి వెలుగు ఇస్తుందన్నారు. మూడోది 100/90 వాట్లది. నాలుగోది చిన్న ఫ్యాను అమర్చిన ఎల్‌ఈడీ కిట్టు. ఆయన సలహా నాలుగోదే. నేను మొదటిదే తీసుకున్నాను. ధర వ్యత్యాసం వల్ల కాదు, ఈ విషయంలో నాకు ఇంతకుముందే కలిగిన ఒక అనుభవం వల్ల. అది చెప్పే ముందు హెచ్4 బల్బు పనిచేసే తీరు కొంచెం వివరించాలి, ఎందుకంటే తక్కిన నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

కార్లకు హాలోజెన్ బల్బు మొదట ఐరోపాలో 1962లో హెచ్1 పేరుతో వచ్చింది. అందులో ఒకటే ఫిలమెంటు. రెండు ఫిలమెంట్ల హెచ్4 వచ్చింది 1971లో. మామూలు బల్బులో టంగ్‌స్టన్ తీగ వేడికి ఆవిరై గాజు లోపలి వైపు నల్లగా పేరుకుంటుంది. హాలోజెన్ బల్బులో ఉండే అయోడిన్ లేదా బ్రోమిన్ ఆ ఆవిరితో కలిసి తిరిగి తీగ దగ్గరికే చేరుస్తుంది. అందువల్ల తీగను ఇంకా ఎక్కువ వేడి చేసి, ఎక్కువ వెలుగు రాబట్టవచ్చు. హెచ్4లో లో బీము ఫిలమెంటు కింద ఒక చిన్న లోహపు దోనె ఉంటుంది. బల్బును చేతిలో పట్టుకుని చూస్తే అది స్పష్టంగా కనిపిస్తుంది. ఫిలమెంటు నుంచి కిందికి వెళ్లే వెలుగును ఆ దోనె ఆపేస్తుంది, పైకి వెళ్లే వెలుగు హెడ్‌లైటు లోపల అద్దంలా మెరిసే రిఫ్లెక్టరు పై సగం మీద పడి రోడ్డు వైపు కిందికి వంగుతుంది. గోడ మీద వెలుగు వేసి చూసినప్పుడు పైన చీకటి, కింద వెలుగు, మధ్యలో గీత గీసినట్టు కనిపించే హద్దు ఈ దోనె అంచు వల్ల ఏర్పడేదే. మనం ఎడమ వైపున నడిపే దేశం కాబట్టి ఆ గీత ఎడమ సగంలో సుమారు 15 డిగ్రీల ఏటవాలుగా పైకి లేస్తుంది. ఎదురుగా వచ్చేవారి కళ్లు కుడి వైపు చీకట్లో ఉంటాయి, మనకు కావలసిన రోడ్డు అంచు ఎడమ వైపు వెలుగులో ఉంటుంది. ఐదు మిల్లీమీటర్ల పొడవుండే తీగ తన స్థానంలో కచ్చితంగా ఉంటేనే ఈ ఏర్పాటంతా సాగుతుంది. తీగ ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినా ఆ గీత చెదిరిపోతుంది. హెడ్‌లైటు బల్బు ఎంచుకోవడమంటే వెలుగు పరిమాణాన్ని మాత్రమే ఎంచుకోవడం కాదని, ఆ వెలుగు పుట్టే చోటును కూడా ఎంచుకోవడమని నాకు అర్థమైంది ఈ దోనెను చూసిన తరువాతే.

ఇక నా అనుభవం. మూడేళ్ల క్రితం, పాత హాలోజెన్ల వెలుగు చాలడం లేదని, హైదరాబాదులో ఒక దుకాణంలో ఎల్‌ఈడీ కిట్టు వేయించాను. మొదటి రాత్రి ఇంటి సందులో చూసి చాలా సంతోషించాను. పాలలాంటి తెల్లటి వెలుగు, కారు ముందు పది పదిహేను మీటర్లు పట్టపగలులా ఉంది. హైవే ఎక్కాక మాత్రం ఎదుటి లారీలవాళ్లు ఒకరి తరువాత ఒకరు నాకు డిప్పర్ కొట్టడం మొదలుపెట్టారు. నేను డిమ్‌లోనే ఉన్నాను. వారికి అది హై బీములా కనిపిస్తోందని అప్పుడు తట్టలేదు. సంక్రాంతికి ఊరికి వెళ్లినప్పుడు, ఊరి దగ్గర కాలువ కట్ట మీది సన్నని రోడ్డులో, ఎదురుగా వస్తున్న ఒక మోపెడ్ ఆగిపోయి, నడుపుతున్న మనిషి దిగి దాన్ని పట్టుకుని పక్కన నిలబడి ఉండటం చూశాను. దగ్గరికి వెళ్లాక తెలిసింది, ఆయన మా బాబాయి. "ఎవరో అనుకున్నాను, నువ్వేనట్రా? నీ బండి లైట్లకు నాకు కట్ట అంచు కనబడలేదురా, కాలువలో పడతానేమోనని దిగి నిలబడ్డాను" అన్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి. ఆ కట్టకు ఒక పక్క కాలువ, రెండో పక్క పది అడుగుల లోతున పొలం. ఆ వారంలోనే ఆ కిట్టు తీయించి, పాత బల్బులు తిరిగి పెట్టించాను. ఇప్పుడు తెగిపోయినది వాటిలో ఒకటే.

ఎల్‌ఈడీ మీద నాకు ఏ వ్యతిరేకతా లేదు. కంపెనీ నుంచే ఎల్‌ఈడీ హెడ్‌లైట్లతో వచ్చే కార్లలో రిఫ్లెక్టరు గానీ లెన్సు గానీ వెలుగునిచ్చే ఆ ఎల్‌ఈడీ చిప్పుల కోసమే రూపొందిస్తారు. సమస్య అంతా హాలోజెన్ తీగ కోసం తయారైన రిఫ్లెక్టరులో ఎల్‌ఈడీని దూర్చడంలో ఉంది. తీగ తన చుట్టూ అన్ని వైపులా వెలుగునిస్తుంది. ఎల్‌ఈడీ కిట్టులో చిప్పులు ఒక పలక మీద అంటించి ఉంటాయి, ఆ పలకకు మందం ఉంటుంది, చిప్పులు తీగ ఉండవలసిన చోటే ఉంటాయన్న భరోసా లేదు. ఫలితంగా వెలుగు గీత దాటి పైకి చిమ్ముతుంది. ఇంకొక నష్టం కూడా ఉంది, దాన్ని నేను ఆలస్యంగా గ్రహించాను. కారుకు దగ్గరగా రోడ్డు విపరీతంగా వెలిగిపోతే మన కంటిపాప కుంచించుకుపోయి, దూరంగా ఉన్న మసక వస్తువులు ఇంకా తక్కువగా కనబడతాయి. ముందు పదిహేను మీటర్లు బాగా కనిపిస్తున్నాయని మనం సంతోషిస్తాం, అరవై మీటర్ల దూరంలో ఉన్న ట్రాలీ మాత్రం కనబడదు. జర్మనీలో 2020 నుంచి కొన్ని ఎల్‌ఈడీ బల్బులకు అనుమతి ఇస్తున్నారు, కానీ ఏ కారులో ఏ హెడ్‌లైటులో పెట్టవచ్చో ఒక్కొక్క మోడలును విడివిడిగా పరీక్షించిన తరువాతే. ఏ కారుకైనా సరిపోతుందని చెప్పి అట్టపెట్టెలో పెట్టి అమ్మే కిట్టుకూ దీనికీ పోలిక లేదు. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనంలో చేసే మార్పులకు హద్దులు పెడుతోందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

100/90 వాట్ల బల్బు విషయంలో లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. 55 వాట్ల ఫిలమెంటు 12 వోల్టుల దగ్గర సుమారు 4.6 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది, 90 వాట్లది 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది. వైర్లలోనూ, వాటిని బల్బుకు తగిలించే కప్లరులోనూ పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది కాబట్టి, అదే వైరింగులో ఆ వేడి రెండున్నర రెట్లు దాటుతుంది. కప్లరు ప్లాస్టిక్ మెత్తబడి కరిగిపోవడం, హెడ్‌లైటు లోపలి వెండి రంగు పూత మాడి గోధుమ రంగుకు మారడం దీని పర్యవసానాలు. పూత మాడిన రిఫ్లెక్టరు ఏ బల్బు పెట్టినా వెలుగును సరిగా పంపదు, హెడ్‌లైటు మొత్తం మార్చుకోవలసిందే. రిలే కిట్టు, పింగాణీ హోల్డరు వేసి వైరింగును కాపాడుకోవచ్చని కొందరు ఎలక్ట్రీషియన్లు చెబుతారు, అది నిజమే. కానీ రిఫ్లెక్టరు మీద పడే వేడినీ, ఎదుటివారి కళ్లలో పడే అదనపు వెలుగునూ ఏ రిలే తగ్గించలేదు.

నీలిపూత బల్బు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఆ పూత ఎరుపు, పసుపు కిరణాలను ఆపి తక్కినవాటిని వదులుతుంది. కాబట్టి వెలుగు తెల్లగా కనిపిస్తుంది, పరిమాణంలో మాత్రం తగ్గుతుంది. తడిసిన తారు రోడ్డు మీద అది మరీ నిరాశ కలిగిస్తుంది.

నేను కొంతసేపు నిజంగా ఊగిసలాడింది దుకాణంలో లేని ఐదో రకం గురించి. ఫిలిప్స్, ఆస్రామ్ వంటి సంస్థలు 60/55 వాట్లలోనే, మామూలు దానికంటే వంద శాతం, నూట ముప్పై శాతం ఎక్కువ వెలుగు అని పెట్టె మీద రాసిన హాలోజెన్లు అమ్ముతున్నాయి. ఆ శాతాన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. బల్బు మొత్తం మీద రెట్టింపు వెలుగు ఇస్తుందని దాని అర్థం కాదు. హెచ్4 లో బీముకు అంతర్జాతీయ నియమం 13.2 వోల్టుల దగ్గర 1000 ల్యూమెన్లు (వెలుగు పరిమాణపు కొలత), పదిహేను శాతం అటూ ఇటూ మాత్రమే అనుమతిస్తుంది, ఆ హద్దు ఈ బల్బులకూ వర్తిస్తుంది. తీగను సన్నగా, మరింత దగ్గరగా చుట్టి, స్థానాన్ని ఇంకా కచ్చితంగా నిలిపితే వెలుగు రోడ్డు మీద కొన్ని బిందువుల దగ్గర సాంద్రంగా పడుతుంది. కనీస ప్రమాణంతో పోల్చి ఆ బిందువుల దగ్గర కొలిచినదే పెట్టె మీది శాతం. మోసమేమీ లేదు, ఎడమ అంచు వెంట చూపు నిజంగానే కొంత ముందుకు వెళ్తుంది. కాకపోతే ఎక్కువ వేడి మీద పనిచేసే తీగ కాబట్టి ఆయుష్షు తక్కువ. ఏడాదికి రెండు మూడు సార్లు మాత్రమే రాత్రి ప్రయాణం చేసేవారికి అది మంచి ఎంపిక. నెలకు నాలుగు సార్లు ఊరికి తిరిగే నాకు మళ్లీ అదే రోడ్డు మీద తీగ తెగడం ఇష్టం లేక, మామూలు వాటినే ఎంచుకున్నాను.

బల్బు కొనేటప్పుడు పెట్టెను కాక బల్బునే చూడాలి. లోహపు అడుగు భాగం మీద తయారీదారు పేరు, హెచ్4, 12 వోల్టులు, 60/55 వాట్లు, సున్నలో ఇంగ్లీషు E అక్షరం, దాని పక్కన ఒక అంకె ఉన్న గుర్తు స్పష్టంగా అచ్చయి ఉండాలి. ఆ అంకె అనుమతి ఇచ్చిన దేశాన్ని సూచిస్తుంది, 1 అంటే జర్మనీ, 4 అంటే నెదర్లాండ్స్. అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉన్నా, గాజు లోపల తీగ ఒక పక్కకు వాలినట్టు కనిపించినా ఆ బల్బు వద్దనడమే మంచిది. నేను రెండు బల్బులు తీసుకున్నాను. ఒకటి తెగిపోయిందంటే అంతే వయసున్న రెండోది కూడా చివరి దశలో ఉన్నట్టే, పైగా కొత్త పాతల మధ్య వెలుగు తేడా కళ్లకు ఇబ్బందిగా ఉంటుంది. రెండింటికీ కలిపి ఐదు వందల రూపాయల లోపే అయింది.

మార్చే పనికి మెకానిక్ అవసరం లేదు, ఓపిక కావాలి. లైట్లు ఆపి, తాళంచెవి బయటికి తీసి, బల్బు చల్లారేదాకా పావుగంట ఆగాను. బానెట్ ఎత్తితే హెడ్‌లైటు వెనుక మూడు పిన్నుల కప్లరు కనిపిస్తుంది. వైర్లు పట్టుకుని లాగకుండా, కప్లరునే పట్టుకుని అటూ ఇటూ కదుపుతూ నేరుగా వెనక్కి లాగాలి. దాని కింద రబ్బరు టోపీ ఉంటుంది, దాని చెవిని పట్టుకుని ఊడదీయాలి. ఆ తరువాత బల్బును అదిమి పట్టుకున్న స్ప్రింగు తీగ. దాన్ని లోపలికి నొక్కి పక్కకు జరిపితే విడిపోతుంది. బల్బు బయటికి తీసేటప్పుడు అది ఏ దిక్కున కూర్చుని ఉందో చూసుకోవాలి. హెచ్4 చట్రానికి మూడు చెవులు ఉంటాయి, వెడల్పాటిది పైకి రావాలి. మూడూ తమ గాళ్లలో పూర్తిగా కూర్చున్నాకే స్ప్రింగు వేయాలి. ఒక చెవి పైకి లేచి ఉండగానే స్ప్రింగు బలవంతంగా బిగిస్తే బల్బు వెలుగుతుంది, కానీ గీత వంకరపోతుంది. చాలామంది కొత్త బల్బు బాగాలేదని అనుకునే సందర్భాల్లో అసలు కారణం ఇదే. రబ్బరు టోపీని కూడా అంతే శ్రద్ధగా, అంచు అంతా అతుక్కునేలా వేయాలి, లేకపోతే మొదటి వానకే హెడ్‌లైటు లోపల తేమ చేరి రిఫ్లెక్టరు మసకబారుతుంది.

గాజును వేళ్లతో ముట్టుకోకూడదన్న మాట అందరూ చెబుతారు. కారణం ఇది: చేతి జిడ్డు అంటిన చోట, వందల డిగ్రీల వేడి మీద ఉండే క్వార్ట్జ్ గాజు మిగతా భాగంతో సమానంగా వేడెక్కక, ఆ మచ్చ దగ్గర బలహీనపడి, బల్బు తొందరగా పాడవుతుంది, ఒక్కోసారి పగులుతుంది. లోపల వాయువు ఒత్తిడి కింద ఉంటుంది కాబట్టి పగిలితే చిన్న విషయం కాదు. లోహపు అడుగునే పట్టుకోవాలి. పొరపాటున గాజు తగిలితే మెత్తటి గుడ్డను స్పిరిటులో ముంచి తుడిచి, ఆరాక పెట్టాలి. కుడి వైపు చెయ్యి దూరే చోటు ఇరుకుగా ఉండటంతో నాకు ఒకసారి అలా తుడవవలసి వచ్చింది.

కొత్త బల్బులు రెండూ వెలిగాయి, కానీ కుడి వైపుది ఎడమ దానికంటే పసుపుగా, మందంగా ఉంది. ఒకే కంపెనీ, ఒకే రోజు కొన్న బల్బుల మధ్య అంత తేడా రాకూడదు. మా పక్కింటి తమ్ముడు ఆటో ఎలక్ట్రీషియన్. అతని మల్టీమీటరు తీసుకుని, ఇంజను నడుస్తుండగా, డిమ్ లైట్లు వేసి కొలిచాను. బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు, ఎడమ బల్బు దగ్గర 13.1, కుడి బల్బు దగ్గర 11.9. బల్బు వెలుగుతుండగా కొలవడం ముఖ్యం, కరెంటు పారనప్పుడు కొలిస్తే రెండు వైపులా ఒకేలా చూపిస్తుంది. హాలోజెన్ వెలుగు వోల్టేజీతో పాటు సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా, ఇంచుమించు మూడున్నరో ఘాతం లెక్కన తగ్గుతుంది. ఈ 1.2 వోల్టుల తేడాకే కుడి దీపం నాలుగో వంతుకు పైగా వెలుగును కోల్పోతోంది. మూడేళ్ల క్రితం నా హాలోజెన్లు చాలడం లేదని నేను ఎల్‌ఈడీకి పరుగెత్తడానికి కారణం బల్బులు కాకపోవచ్చని ఆ మీటరు చూస్తున్నప్పుడు అర్థమైంది. ఎడమ బల్బు ముందుగా తెగిపోవడానికి కూడా ఈ వోల్టేజీ తేడాయే కారణం కావచ్చు. వోల్టేజీ తగ్గిన కొద్దీ తీగ ఆయుష్షు పెరుగుతుంది, సరైన వోల్టేజీ అందిన ఎడమ బల్బు సరైన వెలుగునిచ్చి తన కాలం ముగించుకుంది, కుడిది అరకొర కరెంటుతో మసకగా బతికి ఉంది.

తప్పు కుడి కప్లరులో దొరికింది. ఒక పిన్ను పట్టే లోపలి రేకు వదులై, దాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగింది. వదులైన చోట వేడి పుడుతుంది, ఆ వేడికి రేకు బిగువు ఇంకా తగ్గుతుంది, దాంతో మరింత వేడి పుడుతుంది. తమ్ముడు ఆ కప్లరు కోసేసి, అదే మందం వైర్లున్న కొత్తది తెచ్చి, కొనలను వట్టిగా మెలిపెట్టి టేపు చుట్టకుండా, క్రింప్ చేసి స్లీవు వేశాడు. మళ్లీ కొలిస్తే 13.0 వచ్చింది. రెండు దీపాలు కవలల్లా వెలిగాయి. వెలుగు చాలడం లేదన్న ఫిర్యాదుతో ఎవరైనా నన్ను అడిగితే, కొత్త బల్బు కొనే ముందు ఈ రెండు నిమిషాల కొలత చేయించుకోమని చెబుతున్నాను. విజయవాడ ఆటోనగరులో అయినా, చిన్న పట్టణంలో ఒంటరి ఎలక్ట్రీషియన్ దగ్గరైనా మీటరు ఉంటుంది, అడిగితే కొలుస్తారు.

ఆ సాయంత్రం చీకటి పడ్డాక గురి సరిచూశాను. టైర్లలో గాలి సరిగా ఉంచి, డ్యాష్‌బోర్డులో దీపాల ఎత్తు మార్చే చిన్న చక్రాన్ని 0 దగ్గర పెట్టి, మా అబ్బాయిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ధాన్యం గోదాము గోడకు సరిగ్గా ఐదు మీటర్ల దూరంలో సమతలమైన నేల మీద బండి నిలిపాము. నేల నుంచి హెడ్‌లైటు మధ్య బిందువు ఎత్తు కొలిస్తే 66 సెంటీమీటర్లు వచ్చింది. గోడ మీద అదే ఎత్తున సుద్దతో ఒక అడ్డగీత, దానికి ఐదు సెంటీమీటర్ల కింద ఇంకొకటి గీశాను. లో బీము హద్దు కుడి సగం ఈ రెండో గీత మీద గానీ, ఇంకో రెండు సెంటీమీటర్ల కింద దాకా గానీ ఉండాలి. అంటే ప్రతి మీటరు దూరానికి వెలుగు ఒక సెంటీమీటరు దిగాలన్నమాట. మా ఎడమ దీపం సరిగానే ఉంది, కుడిది పై గీతను దాటి ఉంది. ఎదుటివారి కళ్లకు దగ్గరగా ఉండేది ఆ కుడి దీపమే. దీపం వెనుక ఉన్న సర్దుబాటు స్క్రూను అర మలుపు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ గోడ చూసుకుంటూ కిందికి దించాను. ఒక దీపం సర్దేటప్పుడు రెండోదాన్ని గుడ్డతో కప్పితే గీత స్పష్టంగా తెలుస్తుంది.

66 సెంటీమీటర్ల ఎత్తు నుంచి మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున దిగే వెలుగు 66 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. సరైన గురిలో ఉన్న డిమ్ లైటు, ఎడమ అంచులో ఏటవాలుగా లేచే భాగాన్ని మినహాయిస్తే, అంతకు మించి చూపించదు. ఇప్పుడు వేగం లెక్క చూద్దాం. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. అడ్డంకిని గుర్తించి బ్రేకు తొక్కడానికి ఒకటిన్నర సెకను పడితే అప్పటికే 33 మీటర్లు దాటిపోతాము, పొడి రోడ్డు మీద మంచి బ్రేకులతో ఆగడానికి ఇంకో 35 మీటర్లు కావాలి. మొత్తం 68. చూపు 66 మీటర్ల దగ్గర ఆగుతుంటే, బండి ఆగేది 68 దగ్గర. ఈ లెక్క వేసుకున్నప్పటి నుంచి డిమ్‌లో ఉన్నంతసేపూ హుజూర్‌నగర్ రోడ్డులో 60 దాటడం మానేశాను. దీపం గురిని పైకి ఎత్తితే చూపు పెరుగుతుంది కదా అని మా అబ్బాయి అడిగాడు. పెరుగుతుంది, కానీ ఆ పెరిగే వెలుగు కాలువ కట్ట మీద మోపెడ్ నడిపే మనిషి కళ్లలో నుంచి పోతుందని చెప్పాను. వెనుక సీట్లో ముగ్గురు కూర్చుని, డిక్కీలో బియ్యం బస్తా వేసుకున్నప్పుడు బండి ముక్కు పైకి లేస్తుంది, అప్పుడు ఆ చిన్న చక్రాన్ని ఒకటి రెండు అంకెలు తిప్పి గురిని దించాలన్నది కూడా అతనికి చూపించాను. పదేళ్లుగా ఆ చక్రం మా కారులో ఉంది, నేను దాన్ని ముట్టుకున్నది అదే మొదటిసారి.

హెడ్‌లైటు పైకప్పు సంగతి ఒకటి మిగిలింది. పదేళ్ల ఎండకు మా బండి హెడ్‌లైటు మీది పాలికార్బొనేట్ ప్లాస్టిక్ కప్పు పసుపుబారి ఉంది. 1000, 2000 నంబర్ల నీటి ఎమెరీ కాగితాలతో వరుసగా రుద్ది, పాలిష్ పట్టించి, ఎండను తట్టుకునే పూత వేయించాను. పూత వేయకుండా వదిలేస్తే కొద్ది నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది.

కుడి వైపు నుంచి తీసిన పాత బల్బు ఇంకా వెలుగుతుంది కాబట్టి పారేయలేదు. మెత్తటి గుడ్డలో చుట్టి, దాని పెట్టెలోనే పెట్టి, ఒక జత పలచని చేతి తొడుగులతో పాటు గ్లోవ్ బాక్సులో ఉంచాను. డిసెంబరులో మళ్లీ ఊరికి వెళ్లినప్పుడు, చీకటి పడ్డాక బాబాయిని కాలువ కట్ట మీద మోపెడ్ దగ్గర నిలబెట్టి, యాభై మీటర్ల దూరం నుంచి డిమ్ లైట్లతో ఆయన వైపు నెమ్మదిగా వచ్చాను. కట్ట అంచు కనిపిస్తోందా అని అడిగితే, "అంచూ కనబడుతోంది, అవతల తుమ్మచెట్టూ కనబడుతోంది, ఇక నువ్వు పోరా" అన్నాడు.